రోజుకు 20 నిమిషాలు, ఒక పెన్సిలు, కొన్ని గళ్ళు: ఏకాగ్రత కోసం పజిళ్ళ అభ్యాసం ఎలా చేయాలి

విజయనగరంలో కాపురముంటూ సిగడాం దగ్గరి ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పిన ఏళ్ళలో నా రాకపోకలన్నీ పాసింజరు బండిలోనే సాగేవి. నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి అంటూ స్టేషన్లు దాటుతుండగా, మడిచిన దినపత్రికను మోకాలి మీద పెట్టుకుని అందులోని గళ్ళ నుడికట్టు (క్రాస్‌వర్డ్) పూరించడం అప్పటి అలవాటు. చేతికి ఫోను వచ్చిన తరువాత ఆ అలవాటు నాకు తెలియకుండానే జారిపోయింది. పదవీ విరమణకు రెండేళ్ళ ముందు ఒక సాయంత్రం 40 జవాబు పత్రాల కట్టను దిద్దడానికి కూర్చుని, మూడు పత్రాలకొకసారి ఫోను తీసి చూస్తున్నానని గమనించాను. ఆ కట్టలోనే ఒక సరైన జవాబుకు సున్నా వేశానని మరునాడు ఆ పిల్లవాడే వచ్చి చూపించాడు. ఆ తప్పు నన్ను చాలా రోజులు బాధించింది. పెన్సిలునూ గళ్ళ కాగితాన్నీ మళ్ళీ చేతపట్టింది అప్పుడే. ఈ ఏళ్ళలో నాకూ, మా వీధి పిల్లలకూ, నా ఈడు మిత్రులకూ పనికివచ్చిన పద్ధతిని, మీరు రేపటి నుంచే మొదలుపెట్టగలిగేలా ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక విషయంలో స్పష్టత ఉండాలి

పజిళ్ళు చేస్తే బుర్ర పదునెక్కి అన్ని పనుల్లోనూ చురుకుదనం వస్తుందని చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకంతో మొదలుపెడితే నెల తిరగకముందే నిరాశ కలుగుతుంది. 2010లో ఏడ్రియన్ ఓవెన్ బృందం ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో 11,430 మంది ఆరు వారాల పాటు కంప్యూటరుపై మెదడు కసరత్తులు చేశారు. చేసిన కసరత్తుల్లో వారు మెరుగుపడ్డారు గాని, ఆ మెరుగుదల అభ్యసించని ఇతర పరీక్షల్లోకి ప్రవహించలేదు. అంటే సుడోకు ప్రధానంగా సుడోకునే నేర్పుతుంది. ఈ మాటను నేను దాచదలచుకోలేదు, ఎందుకంటే పద్ధతి అంతా దీని మీదే ఆధారపడి ఉంది.

మరి పజిల్ ఎందుకు? ఒక చోట కూర్చుని, ఒకే పనిని పట్టుకుని, మనసు జారిన క్షణాన్ని గుర్తించి, దాన్ని కోపం లేకుండా వెనక్కి తెచ్చుకోవడం అనే పనిని సాధన చేయడానికి ఇంత అనువైన వస్తువు ఇంట్లో మరొకటి దొరకదు కాబట్టి. పుస్తకం చదివేటప్పుడు కళ్ళు పేజీ చివరిదాకా వెళ్ళిపోయినా మనసు ఎక్కడో ఉండవచ్చు, ఆ సంగతి మనకు తెలియను కూడా తెలియదు. పజిల్‌లో అది కుదరదు; ధ్యాస తప్పిన మరుక్షణం గడి ముందుకు సాగదు, లేదా తప్పు అంకె పడుతుంది. పొందూరులో సన్నని ఖద్దరు నూలు వడికే ఆడవారికి చేయి ఏమరితే దారం తెగి ఎలా తెలుస్తుందో, ఇక్కడా అలాగే తెలుస్తుంది. తెలుగులో ఏకాగ్రతకు ‘అవధానం’ అన్న మాట ఉంది. దానినే మన కవులు ఒక విద్యగా, ఒక సభా ప్రక్రియగా మలిచారు. ఆ విద్య నుంచి ఇంటికి తెచ్చుకోగలిగిన ఒకటి రెండు సాధనలు కూడా తరువాత చెబుతాను.

మొదటి పని: వేళను, చోటును స్థిరపరచండి

రోజుకు 20 నిమిషాలు చాలు. గంటసేపు చేయాలనుకునేవారు వారంలో మానేస్తారు; 5 నిమిషాలతో సరిపెట్టేవారికి మనసు కుదుటపడేలోపే సమయం అయిపోతుంది. వేళను గడియారంతో కాక, రోజూ తప్పనిసరిగా చేసే మరో పనితో ముడిపెట్టండి. ఉదయం కాఫీ గ్లాసు కడిగిపెట్టిన వెంటనే, లేదా పిల్లలు బడికి బయలుదేరిన వెంటనే, లేదా సాయంత్రం దీపం పెట్టిన వెంటనే అని నిశ్చయించుకుంటే, ‘ఎప్పుడు చేద్దాం’ అన్న ఆలోచనకే అవకాశం ఉండదు. రాత్రి భోజనం తరువాత మాత్రం వద్దంటాను. అలసిన కళ్ళతో చేసిన పజిల్‌లో తప్పులు దొర్లుతాయి, ఆ తప్పుల వల్ల విసుగు పుడుతుంది, విసుగు అలవాటును చంపుతుంది.

చోటు విషయంలో ఒకటే నియమం: అక్కడ మరే పనీ చేయకూడదు. మా ఇంట్లో అది వీధి అరుగు మీద తూర్పు మూల. బల్ల ఉండనక్కరలేదు, చాప మీద పీట వేసుకున్నా చాలు, కాని వెలుతురు ఎడమ భుజం వైపు నుంచి రావాలి, ఎడమ చేతి వాటం వారికి కుడి వైపు నుంచి రావాలి. నలభై దాటినవారు కళ్ళజోడు సరిగ్గా ఉందో లేదో చూపించుకుని మొదలుపెట్టడం మంచిది. తలనొప్పిని ఏకాగ్రత లోపమని పొరబడిన వారిని నేను చూశాను.

రెండో పని: ఫోనును మరో గదిలో పెట్టండి

ఫోనును మాటాడకుండా చేసి జేబులో ఉంచుకోవడం, బోర్లా పెట్టి పక్కనే ఉంచుకోవడం, ఇవేవీ చాలవు. చేయి చాపితే అందే వస్తువు మీద మనసు ఒక కన్ను వేసే ఉంచుతుంది. వంటింట్లోనో, బీరువా మీదనో పెట్టి రండి. సమయం చూసుకోవడానికి గోడ గడియారం ఉంది. అత్యవసరంగా పిలుపు రావలసిన రోజయితే ఇంట్లో మరొకరికి ఫోను అప్పగించి, అవసరమైతేనే పిలవమని చెప్పండి. ఫోనులోనే పజిళ్ళు దొరుకుతాయి కదా అని మా విద్యార్థులు అడుగుతూ ఉంటారు. దొరుకుతాయి, కాని ఆ తెర మీద తప్పు వేయగానే ఎరుపు రంగు కనిపిస్తుంది, సూచన అడిగితే వెంటనే వస్తుంది, పూర్తికాగానే మరొకటి ముందుకు వచ్చి నిలబడుతుంది. తప్పును స్వయంగా పట్టుకోవడం, చిక్కులో కొంతసేపు ఓపికగా ఉండడం, అయిపోగానే ఆపడం అనే మూడు పనులూ అక్కడ యంత్రమే చేసిపెడుతుంది. మనం నేర్చుకోవలసినవి సరిగ్గా ఆ మూడే.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటిన తరువాత ఉద్దానం పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు. ఆ రోజుల్లో సోంపేట దగ్గరున్న మా బంధువుల ఇంట్లో పిల్లలు నేల మీద సుద్దముక్కతో పులి-మేక పటం గీసుకుని, చింతపిక్కలే మేకలుగా, మూడు గులకరాళ్ళే పులులుగా, పూటంతా కదలకుండా ఆడారని వారి అమ్మమ్మ చెప్పింది. కష్టకాలాన్ని మెచ్చుకోవడం నా ఉద్దేశం కాదు. చేతికి అందే దూరంలో ఏముంటే ధ్యాస దానినే పట్టుకుంటుందని మాత్రం దాని వల్ల నాకు అర్థమైంది.

మూడో పని: సామగ్రి సమకూర్చుకోండి

చిన్న పిల్లల లెక్కలకు వాడే చదరపు గళ్ళ నోటు పుస్తకం ఒకటి, రెండు పెన్సిళ్ళు, ఒక రబ్బరు, గుప్పెడు చింతపిక్కలు, ఒక అగ్గిపెట్టె. ఇంతే. పజిళ్ళ కోసం దినపత్రికల ఆదివారం అనుబంధాలను దాచుకోండి. లేదా మీ ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్ళి పాత సంచికల్లోని సుడోకులను, నుడికట్టులను మీ పుస్తకంలోకి చేత్తో ఎక్కించుకోండి. చేత్తో ఎక్కించుకోవడం వృథా శ్రమ అనుకోవద్దు, అది కూడా సాధనే: 81 గళ్ళ చదరాన్ని ఒక్క తప్పూ లేకుండా దించడానికి కావలసిన జాగ్రత్త తక్కువేమీ కాదు. సుడోకు దించిన తరువాత అంకెలను ఒకసారి లెక్కపెట్టండి. ఇచ్చిన అంకెలు 17 కంటే తక్కువైతే సుడోకుకు ఒకే ఒక్క జవాబు ఉండడం అసాధ్యమని డబ్లిన్‌లోని గారీ మెక్‌గ్వైర్ బృందం 2012లో కంప్యూటరు సాయంతో నిరూపించింది. కాబట్టి మీ పుస్తకంలో 16 మాత్రమే కనిపిస్తే ఎక్కడో ఒకటి వదిలేశారని అర్థం.

నాలుగో పని: మొదటి వారం చిన్న చదరాలతో గడపండి

మొదటి రోజునే పెద్ద సుడోకు మీద పడకండి. మూడు గళ్ళ పొడవు, మూడు గళ్ళ వెడల్పు ఉన్న చదరం గీసి, 1 నుంచి 9 వరకు అంకెలను ఒక్కొక్కటి ఒక్కసారే వాడుతూ, అడ్డంగా, నిలువుగా, మూల నుంచి మూలకు ఎటు కూడినా ఒకే మొత్తం వచ్చేలా నింపండి. అంకెలను ఇష్టం వచ్చినట్టు మార్చి చూస్తూ పోతే 20 నిమిషాలు గడిచిపోతాయి, సాధన మాత్రం జరగదు. ఇలా ఆలోచించండి. 1 నుంచి 9 వరకు కూడితే 45. మూడు అడ్డు వరుసలూ సమానం కనుక ఒక్కో వరుసకు 15 రావాలి. మధ్య గడి గుండా నాలుగు గీతలు పోతాయి, వాటి మొత్తం 60. ఆ నాలుగింటిలో మధ్య అంకె నాలుగుసార్లు, మిగిలినవన్నీ ఒక్కోసారి వస్తాయి. అంటే 60లో 45 పోగా మిగిలిన 15 మధ్య అంకెకు మూడు రెట్లు. కాబట్టి మధ్యలో 5 తప్ప మరొకటి కూర్చోదు. ఇక 9 మూలలో ఉండగలదా? మూల గడి మూడు గీతల్లో పాల్గొంటుంది, కాని 9తో కలిపి 15 వచ్చే జతలు 5-1, 4-2 అనే రెండే ఉన్నాయి. కనుక 9 అంచు మధ్యలోనే ఉండాలి. తక్కినది మీరు పూరించండి. ఈ ఒక్క చదరాన్ని ఇలా కారణం చెప్పుకుంటూ నింపినవారికి, తరువాతి నెల రోజుల పనికి కావలసిన పద్ధతి చేతికి వచ్చినట్టే. ఖజురాహోలోని పార్శ్వనాథాలయంలో చెక్కిన, పొడవునా వెడల్పునా నాలుగేసి గళ్ళున్న చదరంలో ఎటు కూడినా 34 వస్తుంది. శ్రీనివాస రామానుజన్ తన పుట్టినరోజు 22-12-1887ను పై వరుసగా పెట్టి, మొత్తం 139 వచ్చే చదరాన్ని కూర్చారని చెబుతారు. ఇష్టం కలిగితే మీ పుట్టినతేదీతో ప్రయత్నించవచ్చు, అది మాత్రం రెండో నెలకు ఉంచుకోండి.

అంకెలంటే భయపడేవారు ఈ వారంలో మన పాత పొడుపు కథతో మొదలుపెట్టవచ్చు. నాగావళి ఒడ్డున ఒక మనిషి పులి, మేక, గడ్డిమోపులతో నిలబడ్డాడు. పడవలో అతనితో పాటు ఒకటే పడుతుంది. అతను లేనప్పుడు పులి మేకను తింటుంది, మేక గడ్డిని తింటుంది. అందరూ క్షేమంగా అవతలి ఒడ్డు చేరాలి. దీన్ని తలలోనే తిప్పుతూ కూర్చోకండి. నేల మీద రెండు గీతలు గీసి, చింతపిక్క, గులకరాయి, అగ్గిపుల్లలను పెట్టి, ప్రతి దాటింపునూ చేత్తో జరపండి. ఏడు దాటింపుల్లో పని పూర్తవుతుంది. దాదాపు అందరూ ఆగిపోయేది ఒకేచోట: ఒకసారి అవతలికి చేర్చినదాన్ని మళ్ళీ వెనక్కి తేవలసి వస్తుందని మనసు ఒప్పుకోదు. ఆ చోటు మీకు దొరికేదాకా జవాబు ఎవరినీ అడగవద్దు.

ఐదో పని: మనసు జారిన ప్రతిసారీ ఒక చుక్క పెట్టండి

ఈ పద్ధతికి ఇది ప్రాణం. దయచేసి దీన్ని దాటవేయకండి.

పుస్తకంలో ప్రతి రోజుకూ ఒక పేజీ కేటాయించండి. పై భాగంలో తేదీ, మొదలుపెట్టిన సమయం రాయండి. పజిల్ చేస్తుండగా మనసు మరో సంగతి మీదికి పోయిందని తెలిసిన వెంటనే, అది కరెంటు బిల్లు కావచ్చు, పక్కింటి మాటలు కావచ్చు, అంచున పెన్సిలుతో ఒక చుక్క పెట్టి, ఆపిన గడి దగ్గరికి తిరిగి రండి. చుక్క పెట్టినందుకు మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు, ఎందుకంటే ఆ చుక్క మనసు జారినందుకు గుర్తు కాదు, జారిందని మీరు పసిగట్టినందుకు గుర్తు. మొదటి కొద్ది రోజులు చుక్కల సంఖ్య పెరుగుతుంది. అది దిగజారడం కాదు. ఇంతకుముందు తెలియకుండా జారిన జారుళ్ళు ఇప్పుడు కంటబడుతున్నాయి. నా పుస్తకంలో మొదటి రోజున 6 చుక్కలు, ఐదో రోజున 17, నెల చివర 20 నిమిషాలకు 4 లేక 5 ఉన్నాయి. మీ లెక్క మరోలా ఉండవచ్చు. ఇతరులతో పోల్చుకోవడానికి ఇది పనికిరాదు, మీ పేజీని మీ నిన్నటి పేజీతోనే పోల్చండి.

సమయం కాగానే, పజిల్ పూర్తయినా కాకపోయినా, పెన్సిలు కింద పెట్టి ఒక్క వాక్యం రాయండి: ఏ గడి దగ్గర ఆగారు, ఎందుకు ఆగారు. ఇంకొక్క గడి అంటూ 20 నిమిషాలను గంటగా సాగదీయడం కూడా ధ్యాస మన చేతిలో లేదనడానికి గుర్తే.

ఆరో పని: సుడోకులో అడుగు పెట్టండి

1979లో అమెరికాకు చెందిన హోవార్డ్ గార్న్స్ అనే వాస్తుశిల్పి రూపొందించిన ఈ పజిల్‌కు ఆ పేరు జపాన్‌లో వచ్చింది. 2004 నవంబరులో లండన్ ‘టైమ్స్’ పత్రికలో మొదలైన తరువాత అది ప్రపంచమంతా పాకింది. దీన్ని లెక్కగా భావించి దూరంగా ఉండేవారికి ఒక మాట: ఇందులో కూడికలూ తీసివేతలూ లేవు, అంకెల బదులు తొమ్మిది పువ్వుల బొమ్మలు పెట్టినా ఆట అదే.

ముందు నాలుగు గళ్ళ చదరంతో చేయి కుదుర్చుకోండి. నాలుగు అడ్డు వరుసలు, నాలుగు నిలువు వరుసలు, రెండేసి గళ్ళ పొడవు వెడల్పులతో నాలుగు పెట్టెలు. ప్రతి వరుసలోనూ ప్రతి పెట్టెలోనూ 1, 2, 3, 4 ఒక్కొక్కసారే రావాలి. మొదటి అడ్డు వరుస మొదటి గడిలో 1, రెండో వరుస నాలుగో గడిలో 2, మూడో వరుస మూడో గడిలో 4, నాలుగో వరుస రెండో గడిలో 3 వేసుకోండి. ఇప్పుడు 2ను పట్టుకోండి. రెండో వరుసలో 2 ఉంది కాబట్టి ఎడమ పై పెట్టెలో 2 మొదటి వరుసలోనే పడాలి. అక్కడ మొదటి గడిలో 1 ఉంది. కనుక 2 రెండో గడిలోనే. ఆ పెట్టెలో మిగిలినవి 3, 4. రెండో నిలువు వరుసలో కింద 3 ఉంది కనుక ఆ నిలువులో పడేది 4. ఇదే దారిలో పోతే మిగిలిన గళ్ళన్నీ ఒక్క ఊహా లేకుండా నిండుతాయి.

తొమ్మిదేసి గళ్ళ పొడవు వెడల్పులున్న అసలు చదరంలో ప్రతి వరుసలోనూ, మూడేసి గళ్ళ పొడవు వెడల్పులున్న ప్రతి పెట్టెలోనూ 1 నుంచి 9 వరకు ఒక్కొక్కసారే రావాలి; దానికి వచ్చిన తరువాత పాటించవలసినవి ముఖ్యంగా ఇవి. ఎక్కువసార్లు ఇచ్చిన అంకెను ఎంచుకుని, ఆ ఒక్క అంకెతోనే తొమ్మిది పెట్టెలూ తిరిగి రండి. మధ్యలో మరో అంకె ఊరించినా పోవద్దు, చుట్టు పూర్తిచేసిన తరువాతే దాని సంగతి చూడండి. ఏకాగ్రత పరంగా ఈ ఒక్క నియమమే సుడోకు అంతటికీ సాటి. ఒక గడిలో రెండే అంకెలకు అవకాశం ఉన్నప్పుడు వాటిని మూలలో చిన్నగా రాసుకోండి. మూడు నాలుగు అవకాశాలున్న గళ్ళలో రాస్తే కాగితం నిండిపోయి కన్ను చెదురుతుంది. అంకె వేసే ముందు దానికి కారణాన్ని పెదవులు కదిలేలా ఒక వాక్యంగా చెప్పుకోండి: “ఈ నిలువులో 7కు ఇంకెక్కడా చోటు లేదు, కాబట్టి ఇక్కడే.” వాక్యం పూర్తి కాకపోతే అంకె వేయవద్దు. సరిగా కూర్చిన సుడోకుకు ఒకే జవాబు ఉంటుంది కనుక, ఊహించి వేయవలసిన అవసరమే రాదు. ఊహించాలనిపించడం అలసటకు సూచన, అప్పుడు కళ్ళు మూసుకుని పది ఊపిరులు తీసి మళ్ళీ మొదటి అంకె నుంచి చూడండి. ఒకే వరుసలో రెండు 6లు కనిపిస్తే అక్కడక్కడ చెరిపి సర్దవద్దు. చదరాన్ని కొత్త పేజీలోకి దించుకుని మరునాడు తిరిగి చేయండి.

ఏడో పని: వారంలో రెండు రోజులు మాటల పజిల్ చేయండి

ఆర్థర్ విన్ 1913 డిసెంబరు 21న న్యూయార్క్ పత్రికలో మొదటి గళ్ళ పజిల్ వేసినప్పుడు అది ఇంగ్లీషు అక్షరాల ఆట. తెలుగులోకి వచ్చాక దాని నడకే మారింది, ఎందుకంటే మన గడిలో పడేది గుణింతంతోనూ ఒత్తుతోనూ కలిసిన నిండు అక్షరం. విజయనగరానికి ఆరు గళ్ళు కావాలి, శ్రీకాకుళానికి నాలుగే చాలు. ఒత్తునూ సున్నానూ దీర్ఘాన్నీ చూసుకుంటూ పోవాలి గనుక మన నుడికట్టు చూపుకు ఇంకా ఎక్కువ పని పెడుతుందని నా నమ్మకం.

మొదట ఆధారాలన్నీ, అడ్డం నిలువు రెండూ, ఏమీ రాయకుండా ఒకసారి చదవండి. రెండో చదువులో నిస్సందేహంగా తెలిసినవే రాయండి. ‘తల లేని’, ‘తోక తెగిన’, ‘తిరగబడిన’, ‘తడబడిన’ అన్న మాటలు ఆధారంలో కనిపిస్తే అక్షరాలతో ఏదో చేయమని సూచన. ‘తీగ తిరగబడితే శిరస్సు’ అంటే లత తిరగబడి తల అయినట్టు.

నెల తరువాత పూరించడం తగ్గించి, కూర్చడం మొదలుపెట్టండి. మన నదులతోనే ప్రయత్నించండి. నాగావళి మూడో అక్షరం ‘వ’, చంపావతి మూడో అక్షరమూ ‘వ’. ఆ రెండూ ఒకదాన్ని ఒకటి చక్కగా కోసుకుంటాయి. వేగావతికి నాగావళితో ‘గా’ దగ్గర కూడా కలయిక ఉంది. సువర్ణముఖిని రెండో అక్షరం దగ్గర కలపవచ్చు. కాని వంశధారలో ఉన్నది ‘వం’. ఆ సున్నా వల్ల అది వీటిలో ఏ ‘వ’ గడిలోనూ ఒదగదు, దానికి మరో చోటు వెతకాలి. ఇలా అయిదు నదులను ఒక చదరంలో పొదగడానికి కూర్చున్న మనిషికి 20 నిమిషాలు ఎలా గడిచాయో తెలియదు. వేరొకరు కూర్చినదాన్ని పూరించడం కంటే దీనికే చుక్కలు తక్కువ పడతాయని నా పుస్తకం చెబుతోంది.

ఎనిమిదో పని: వారానికొకసారి ఇంట్లో మరొకరిని కలుపుకోండి

అష్టావధానంలో వ్యస్తాక్షరి అనే అంశం ఉంది. పృచ్ఛకుడు ఒక వాక్యంలోని అక్షరాలను వరుస తప్పించి, అప్పుడొకటి అప్పుడొకటిగా అందిస్తాడు. అవధాని వాటిని మనసులోనే అమర్చుకుని చివరకు వాక్యమంతా ఒప్పజెబుతాడు. ఇంట్లో దీన్ని చిన్నగా చేయవచ్చు. మీ అబ్బాయో మనవరాలో ‘పొందూరు ఖద్దరు’ అనే ఆరు అక్షరాల మాటను మనసులో అనుకుని, మీరు సుడోకు చేస్తుండగా మూడు నిమిషాలకొకసారి “నాలుగోది ఖ”, “మూడోది రు”, “ఒకటోది పొం” అంటూ చెప్పాలి. మీరు కాగితం మీద రాయకూడదు. అవధానంలోని మరో అంశం ఘంటా గణనం ఇంకా తేలిక: వారు స్టీలు గ్లాసు మీద చెంచాతో తమకు తోచినప్పుడు తోచినన్ని దెబ్బలు కొడతారు, చివర మీరు మొత్తం ఎన్నో చెప్పాలి. ఇవి వారానికి ఒక్క రోజే చేయండి. ధ్యాసను పంచడం వేరు, ఒకచోట నిలపడం వేరు. రెండోది కుదరకముందు మొదటిదానికి పోతే రెండూ చెడతాయి. మా ఊరి సంగీత కళాశాలకు 1919లో తొలి అధ్యక్షులైన ఆదిభట్ల నారాయణదాసు గారు కాళ్ళకూ చేతులకూ వేర్వేరు తాళాలు పంచి పాడుతూ అసాధ్య అష్టావధానం చేసేవారని పెద్దలు తన్మయులై చెప్పేవారు. అటువంటి శక్తి వెనుక ఒక్క తాళాన్ని ఒక్కటిగా పట్టుకుని చేసిన సాధన ఎన్నేళ్ళదో ఆలోచించండి.

ఒంటరిగా ఉండేవారు నిషిద్ధాక్షరిని, అంటే కొన్ని అక్షరాలు వాడకూడదనే అవధాన అంశాన్ని, వాడుకోవచ్చు. ‘ర’ గాని, దాని గుణింతం గాని రాకుండా మా పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరం గురించి ఐదు వాక్యాలు రాయండి. ‘వచ్చారు, చూశారు’ అనే క్రియలన్నీ చేజారిపోతాయి, సంబరమన్న మాటే వాడడానికి ఉండదు, ప్రతి మాటనూ కాగితం మీద పెట్టే ముందు ఆపి చూడవలసి వస్తుంది.

చిక్కుపడినప్పుడు, రోజు తప్పినప్పుడు

వెనుక పేజీలోని జవాబును ఆ రోజు చూడవద్దు. పత్రికలో జవాబు మరుసటి వారం వస్తే, ఆ జవాబు కత్తిరింపు ఇంట్లో లేకపోవడమే మేలు. ఒకే గడి దగ్గర మూడు రోజులు ఆగితే దాన్ని పక్కన పెట్టి కొంచెం తేలికైనది తీసుకోండి. వరుసగా నాలుగు రోజులు పది నిమిషాల్లోనే పూర్తవుతుంటే కొంచెం కఠినమైనదానికి మారండి. ఎంత త్వరగా చేశారన్న పోటీ మాత్రం ఇంట్లో పెట్టవద్దు, పిల్లల మధ్య అసలే వద్దు. త్వరపడే పిల్లవాడు కారణం చెప్పుకోవడం మానేసి ఊహించడం నేర్చుకుంటాడు. మా అమ్మ బియ్యంలో మట్టిబెడ్డలు ఏరిస్తూ “బేగి వద్దురా, సూసి ఏరు” అనేది. పిల్లలకు ఆ మాట చాలు.

పండుగ వచ్చినా, ఇంటికి చుట్టాలు వచ్చినా, పైడితల్లి జాతర రోజైనా పూర్తిగా మానకుండా మూడు గళ్ళ చదరం ఒకటి నింపి తేదీ వేయండి. ఒక రోజు నిజంగానే తప్పిపోతే మరునాడు 40 నిమిషాలు చేసి బాకీ తీర్చాలని చూడవద్దు, మామూలు 20 నిమిషాలకే కూర్చోండి. ఇంత చేసినా మనసు ఏ పని మీదా నిమిషం కూడా నిలవకపోవడం, నిద్ర పట్టకపోవడం, లేదా పెద్దవారిలో తెలిసిన దారులూ పేర్లూ మరిచిపోవడం కనిపిస్తే దానికి పజిల్ మందు కాదు, వైద్యుడికి చూపించండి.

చివరి పని: పజిల్ ముగిసిన వెంటనే అసలు పనిలోకి దిగండి

సుడోకు నేర్పు దానంతట అదే చదువులోకీ ఉద్యోగంలోకీ ప్రవహించదని మొదట్లోనే చెప్పాను. అందుకే కాలువ మనమే తవ్వాలి. పుస్తకంలో చివరి వాక్యం రాసిన వెంటనే, లేవకుండా, ఫోను ఉన్న గదిలోకి పోకుండా, అదే చోట మరో 20 నిమిషాలు మీకు నిజంగా కావలసిన పని చేయండి. పరీక్షకు చదివే పిల్లలైతే పాఠం, గుమాస్తా అయితే సరిచూడవలసిన లెక్క, నావంటివారైతే చదవాలనుకుంటూ వాయిదా వేసిన పుస్తకం. అంచున చుక్కలు పెట్టడం అక్కడా కొనసాగించండి. పజిల్ దగ్గర 4 చుక్కలు పడి, పాఠం దగ్గర 15 పడితే కంగారు పడవద్దు. మొదటి నెల అలాగే ఉంటుంది. ఆ రెండు అంకెల మధ్య దూరమే మీరు గమనిస్తూ ఉండవలసినది. నా జవాబు పత్రాల కట్టలను చివరి రెండేళ్ళూ ఇలాగే, అరుగు మీద, సుడోకు ముగిసిన వెంటనే దిద్దాను.

ఇక రాత్రి పడుకునే ముందు రెండు నిమిషాల పని ఒకటి ఉంది. రేపటి పజిల్‌ను పుస్తకంలోకి దించి, అంకెలు సరిచూసి, పెన్సిలు చెక్కి, పుస్తకాన్ని ఆ చోటనే మూసి పెట్టండి. తెల్లవారి కాఫీ తాగి వచ్చేసరికి పేజీ సిద్ధంగా ఉండాలి.